తంతివార్తయు గోప్యతయు

గుంటూరు, ఒంగోలు సీమల నల్లరేగడి నేలలయందు పండిన యెఱ్ఱచాయ ప్రత్తి, కాకినాడ రేవు పేరిట ‘కోకనాడా’ యని విదేశ విపణులలో ప్రసిద్ధి గాంచిన కాలమున, దూరదేశపు ధరవార్త తంతిమీఁదనే నడచెడిది. తంతికచేరి గుమాస్తా ప్రతి యక్షరమును చదువఁగలవాఁడు. 1873నాటి ఏబీసీ కోడు, 1906నాటి బెంట్లీ కోడు వంటి సంకేతకోశములు ప్రపంచ వర్తకులకు శరణ్యములైనవి. ఒక్క పదమున వాక్యమంతయు నిముడుటచే రుసుము తగ్గెడిది. గోప్యతకన్న నీ పొదుపే వర్తకునికి ముందు తట్టెనని నా యభిప్రాయము. అచ్చుకోశ మెవరికైనను దొరకును గనుక, నిజముగా రహస్యము కోరువారు స్వంత సంకేతములు కల్పించుకొనిరి.

నడుమనున్నవాఁడు వార్తను చదువఁగల ఈ చిక్కే కంప్యూటర్లకును వచ్చెను. దూరపు కంప్యూటరును వాడుటకైన టెల్నెట్ ప్రవేశపదమును బట్టబయలుగా మోసెడిది. హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయమున నట్టి పదములు అపహృతములు కాఁగా, 1995లో టాటు యులోనెన్ వార్తను గుప్తలిపిగా మార్చి పంపు ఎస్‌ఎస్‌హెచ్‌ను రచించెను. అరచేతి పామ్ యంత్రమునకు దానిని ఇయాన్ గోల్డ్‌బర్గ్ చేర్చెను. ఇఁక మొదట చెప్పిన మన దేశపు తంతిసేవ 2013 జూలైలో ముగిసెను.