హాజరు పట్టీలో కనపడని తల్లులు

మన పొదుపు సంఘాల చరిత్ర చెప్పమంటే 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద తిరగబడ్డ అక్కచెల్లెళ్లతో మొదలుపెడతాం. 2000లో వచ్చిన వెలుగు, తర్వాతి ఇందిరా క్రాంతి పథం మీదుగా ఇప్పటిదాకా వస్తాం. ఆ చరిత్రలో సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డను సాకే తల్లి మాత్రం కనపడదు.

ఎందుకో మా పాత మినిట్స్ పుస్తకాలే చెప్తాయి. "మూడు మీటింగులకు రాలేదు, జరిమానా" అని రాసుకున్నాం. మెడ నిలవని బిడ్డకు ఒక పూట అన్నం తినిపించడానికే గంట పడుతుందని, పదేళ్ల పిల్లాడిని రోజూ ఎత్తి ఎత్తి ఆమె నడుం పోయిందని రాయలేదు. "ఏ పాపం చేసిందో" అన్నవాళ్లమూ మాలో ఉన్నాం. అది పాపమూ కాదు, గ్రహణమూ కాదు. కడుపులోనో, కాన్పులోనో, పుట్టిన కొద్ది కాలానికో ఎదిగే మెదడుకు తగిలిన దెబ్బ. ఆ దెబ్బ పెరగదు. కానీ వ్యాయామం లేకపోతే కాళ్లూ చేతులూ బిగుసుకుపోతాయి.

మన దేశంలో ఈ పిల్లలకు దారి వేసిందీ తల్లులే. కూతురు మాలిని చదువు కోసం మిథు ఆలూర్ 1972లో బొంబాయిలో ప్రత్యేక బడి తెరిచారు. 1985లో మద్రాసులో మరో తల్లి పూనమ్ నటరాజన్ ఇప్పటి విద్యాసాగర్ సంస్థను మొదలుపెట్టారు. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. 18 ఏళ్లు దాటిన బిడ్డకు సంరక్షకులను నియమించే వీలు, నిరామయ ఆరోగ్య బీమా దాని కిందే ఉన్నాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం, ఎక్కువ సాయం అవసరమైనవాళ్లను చూసుకునేవారికి భత్యం అనే మాటను చేర్చింది.

అయితే చట్టం దానంతటది గడప దాకా రాదు. సదరం శిబిరానికి బిడ్డను తీసుకెళ్లాలంటే ఆటో కిరాయి కావాలి, ఆ రోజు కూలి పోతుంది. మండలంలో భవిత కేంద్రం ఉన్నా మోసుకెళ్లే మనిషి కావాలి.

అందుకే ఈ ఏడాది ఆ జరిమానా రద్దు చేశాం. మీటింగు ఆమె ఇంటి అరుగు మీదే పెడుతున్నాం. బిడ్డను ఎట్లా కూర్చోబెట్టి తినిపించాలో ఆమె దగ్గరే నేర్చుకుని, వారానికి ఒక పూట ఇద్దరం ఉంటున్నాం. మొదటి వారం ఆమె మూడు గంటలు నిద్రపోయింది. మినిట్స్‌లో అదే రాశాం.

ప్రతి గ్రామ సమాఖ్య తన ఊళ్లో ఇట్లాంటి తల్లి ఎవరో కనుక్కుని, ముందు ఆ ఒక్క పూట ఇవ్వాలని కోరుతున్నాం.