నల్లగొండ నీళ్లు, మన ఆడవాళ్ల ఎముకలు

సావనీరుకు చరిత్ర మీద వ్రాయమంటే మా మాస్టర్లు నవాబుల చరిత్ర ఎత్తుకుంటారు. నేను మాత్రం బిందె చరిత్ర వ్రాస్తున్నాను.

మన మెట్ట నేలల కింద ఉన్నది గ్రానైటు రాయి. ఆ రాయిలోని ఫ్లోరైడు నీళ్లలో కరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీరు త్రాగరాదు. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఎన్నో బావులు ఆ హద్దు దాటినవే. మహబూబ్‌నగర్ జిల్లాలోనూ కొన్ని ఊళ్లకు ఈ బాధ ఉండేది. దేశంలో ఈ జబ్బు సంగతి 1937లో నెల్లూరు జిల్లా నుంచి మొదట బయటపడింది. 1945లో, ఇంకా నైజాం రాజ్యం ఉండగానే, నల్లగొండ రోగుల గురించి వైద్య పత్రికలో వ్యాసం వచ్చింది. అంటే తెలియక జరిగినదని అనటానికి లేదు. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు గానీ, మునుగోడు మెట్టకు అవి ఎక్కలేదు. కరువుల్లో బావులెండితే బోర్లు వేసిండ్రు. చాలాచోట్ల లోతుకు పోయినకొద్దీ ఫ్లోరైడు పెరిగింది.

ఈ నీళ్లు తోడింది ఎవరు? మోసింది, వండింది ఎవరు? ఆడవాళ్లే. కానుపుల మీద కానుపులు, చంటిబిడ్డలకు పాలు, తిండిలో కాల్షియం తక్కువ. అట్లాంటి ఒంట్లో ఫ్లోరైడు ఎముకను ఎక్కువ చెరుపుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో ‘లాన్సెట్’ పత్రికలో మోకాళ్లు లోపలికి వంగిపోయే జబ్బు గురించి వ్రాశారు. అన్నం తినేవారికంటే జొన్న తినేవారి ఒంట్లో ఫ్లోరైడు ఎక్కువగా నిలుస్తుందని తరువాత అదే సంస్థ పరిశోధనలో తేలింది. మన పేదింటి తిండి జొన్నరొట్టెయే గదా!

మా ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా అమ్మీ నీళ్లు మరగకాచి ఇచ్చేది. కాస్తే క్రిములు చస్తయి, నిజమే. కానీ ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరైనకొద్దీ చిక్కబడుతుంది. ఈ మాట అమ్మీకి ఎవరూ చెప్పలేదు. చదువుకున్న నాకూ డిగ్రీ దాకా తెలియదు. అక్కయ్యకు వచ్చిన ఒక సంబంధం గారపళ్లు చూసి తిరిగిపోయింది. ఆ రాత్రి అమ్మీ అన్నం ముట్టలేదు.

1970ల దశకంలో నాగపూర్‌లోని నీరీ సంస్థవారు పటిక, సున్నం, బ్లీచింగు పౌడరుతో ఫ్లోరైడు తీసే పద్ధతి కనిపెట్టి, దానికి మన జిల్లా పేరే పెట్టారు. నల్లగొండ పద్ధతి ఆఫ్రికాలోని టాంజానియా దాకా పోయింది. అయితే నీటిని బట్టి పటిక కొలవాలి, కలియబెట్టాలి, తేరే దాకా ఆగాలి, పైనీళ్లు వంచుకోవాలి. పొద్దున కూలికి పోయే మనిషికి అంత తీరిక ఎక్కడిది? ఆ పనీ మళ్లా ఆడదాని నెత్తికే వచ్చింది.

2015 జూన్‌లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ లేచింది. తరువాత నల్లాలలో నది నీళ్లు వచ్చినయి. వంగిన ఎముక మాత్రం తిరిగి నిలవదు. గోడ పట్టుకొని నడిచే ముసలమ్మలు ఇంకా ఉన్నారు.

అమ్మీ ఇప్పుడు నల్లా నీళ్లను కూడా కాచే తాగుతుంది. వద్దని నేను అనటం లేదు.