జెడై: ప్రోగ్రాం పంక్తులను లెక్కించే పైథాన్ లైబ్రరీ

పైథాన్ భాషలో ప్రోగ్రాం రాసేవారు ఒక పేరును సగం టైపు చేయగానే మిగిలిన సగాన్ని సూచించే లైబ్రరీకి జెడై అని పేరు. దీనిని రూపొందించినవారు డేవ్ హాల్టర్. ఇది 2012లో వెలువడింది. విమ్ ఎడిటరులోను, ఐపైథాన్‌లోను దీని వాడుక ఎక్కువ. తమిళనాడు పన్నెండవ తరగతి కంప్యూటర్ సైన్సు పాఠ్యపుస్తకంలో 2019 నుండి పైథాన్ చోటుచేసుకున్నందున పొదటూరుపేట పరిసర గ్రామాల విద్యార్థులకు కూడా ఈ భాషతో పరిచయం కలుగుతున్నది.

పేరును పూర్తిచేయాలంటే కర్సరు ఎక్కడ ఉన్నదో ముందుగా తెలియాలి. అందుకై ఎడిటరు జెడైకి రెండు సంఖ్యలను అందిస్తుంది. మొదటిది పంక్తి సంఖ్య, రెండవది ఆ పంక్తిలోని స్థానం. పంక్తులను 1 నుండి, స్థానాలను 0 నుండి లెక్కిస్తారు. ఈ రెండు రకాల లెక్క కొత్తవారిని కొంత తికమకపెట్టే మాట నిజమే.

ప్రోగ్రామును పదపదంగా విడదీసే పనిని పార్సో అనే మరొక లైబ్రరీ నిర్వహిస్తుంది. ఇది మొదట జెడైలోనే భాగం; 2017లో వేరుపడింది. ప్రోగ్రామును ఒక వృక్షంగా భావిస్తే, పంక్తి, స్థాన సంఖ్యలు ఆకుల వద్ద మాత్రమే నమోదై ఉంటాయి. కొమ్మ ఎక్కడ మొదలైనదో దాని మొదటి ఆకును చూసి తెలుసుకోవలసిందే. వెయ్యి పంక్తుల ప్రోగ్రాములో పైభాగాన ఒక కొత్త పంక్తి చేర్చామనుకుందాం. పార్సో పాత పాఠాన్నీ కొత్త పాఠాన్నీ పోల్చి, మారని భాగాలను అలాగే ఉంచి, వాటి ఆకుల పంక్తి సంఖ్యలకు 1 కలుపుతుంది. మారిన చోటును మాత్రమే తిరిగి చదువుతుంది. పడుగులో ఒక పోగు తెగితే మన నేతగాళ్ళు ఆ ఒక్క పోగునే ముడివేస్తారు గాని కొత్త పడుగు ఎక్కించరు కదా! పనితీరు దాదాపు అటువంటిదే.

పంక్తి ఎక్కడ ముగుస్తుందన్నది కూడా చిక్కు ప్రశ్నే. పాఠాన్ని పంక్తులుగా చీల్చే పైథాన్ సొంత పద్ధతి, పుట మార్పును సూచించే పాతకాలపు గుర్తు వద్ద కూడా పంక్తిని విరుస్తుంది. పైథాన్ భాషా నియమాల ప్రకారం అది పంక్తి ముగింపు కాదు. ఆ పద్ధతినే నమ్ముకుంటే అక్కడి నుండి ప్రతి సంఖ్యా ఒకటి ఎక్కువై కూర్చుంటుంది. అందుచేత పార్సో తన సొంత పద్ధతిలో పంక్తులను విడదీస్తుంది.

తెలుగువారికి ముఖ్యమైనది స్థానాల లెక్క. 2008లో వెలువడిన పైథాన్ 3 నుండి చరరాశులకు తెలుగులోనే పేర్లు పెట్టవచ్చు. ఒక విద్యార్థి ‘మగ్గాలు’ అనే పేరు పెట్టాడనుకుందాం. కంటికి కనిపించేవి మూడు అక్షరాలు: మ, గ్గా, లు. యూనికోడ్ లెక్కలో ఏడు సంకేతాలు: మ, గ, పొల్లు, గ, దీర్ఘం, ల, కొమ్ము. యూటీఎఫ్-8 పద్ధతిలో దాచినప్పుడు ఒక్కొక్క సంకేతానికి మూడు చొప్పున ఇరవై ఒక్క బైట్లు. జెడై లెక్కించేది యూనికోడ్ సంకేతాలను. పైథాన్‌లో భాగమైన ఏఎస్‌టీ మాడ్యూలు మాత్రం స్థానాన్ని బైట్లలో చెబుతుంది. ఒకే భాషకు చెందిన రెండు పరికరాలు రెండు కొలతలు వాడటం విచారకరం.

ఆ విద్యార్థి కొత్త పంక్తిలో ‘మగ్గా’ వరకు టైపు చేశాడు. సరైన స్థానం 5. ఎడిటరు కంటి లెక్కన 2 అని పంపితే జెడైకి ‘మగ’ మాత్రమే కనిపిస్తుంది. ప్రోగ్రాములో ‘మగవారు’ అనే మరో పేరు ఉంటే దానిని కూడా సూచిస్తుంది. బైట్ల లెక్కన 15 అని పంపితే, పంక్తిలో అంత పొడవు లేదని దోషం చూపుతుంది. పిల్లవాడు మాత్రం తెలుగులో పేరు పెట్టడమే తన పొరపాటని భావించి, మరునాటి నుండి ఇంగ్లీషు అక్షరాలకు మారిపోతాడు. నిజానికి తప్పు అతనిదీ కాదు, భాషదీ కాదు. కొలత సరిచూడని ఎడిటరుది.

అనేక ఎడిటర్లు వాడే భాషా సర్వరు ఒప్పందంలో మరొక కొలత, యూటీఎఫ్-16, ఉన్నది. తెలుగు సంకేతాలకు అది యూనికోడ్ లెక్కతో సరిపోతుంది. చిరునవ్వు బొమ్మ వంటివి చేరితేనే తేడా వస్తుంది.

అనుమానం కలిగినప్పుడు పైథాన్‌లో లెన్ అనే ప్రమేయానికి ఆ పేరును కొటేషన్ గుర్తుల మధ్య ఉంచి ఇవ్వవచ్చు. ‘మగ్గాలు’ అని ఇస్తే 7, ‘పొదటూరుపేట’ అని ఇస్తే 10 వస్తాయి. జెడై ఆశించేది ఈ లెక్కనే.