అమెరికా మెట్రోల్లో కుటుంబాలు ఎన్ని పెరుగుతాయి? ఆ లెక్కతో మీ ఇంటి పన్నుకు, నీటికి, బడికి సంబంధమేంటి?

డాలస్ శివార్లలో ఇల్లు కొనాలని చూస్తున్నారా? లేక అట్లాంటాలోనో, ఆస్టిన్‌లోనో ఉన్న పిల్లలు కొంటామంటే ఇక్కడి నుంచి డబ్బు సర్దే ఆలోచనలో ఉన్నారా? ఏజెంటు నోటి నుంచి ముందుగా వచ్చే మాట ఒకటే. ‘ఈ ఏరియా బాగా పెరుగుతోంది’. అయితే పెరిగేది ఏమిటి? జనమా, ఇళ్లా, కుటుంబాలా? ఈ మూడు లెక్కలూ వేర్వేరు. రోడ్డు ఎక్కడ వెడల్పు చేయాలి, నీళ్లు ఎక్కడి నుంచి తేవాలి, కొత్త బడి ఎక్కడ కట్టాలి, దానికి ఎంత అప్పు చేయాలి అన్నవి చాలావరకు తేలేది మూడో లెక్కతోనే. అదే కుటుంబాల పెరుగుదల అంచనా.

కుటుంబం అంటే ఎవరు?

మన జనగణనలో ఒకే వంటగది భోజనం చేస్తూ కలిసి ఉండేవారు ఒక కుటుంబం. ఒకే ఇంట్లో అన్నదమ్ములు రెండు పొయ్యిలు పెట్టుకుంటే రెండు కుటుంబాలు. అమెరికా సెన్సస్ బ్యూరో పొయ్యిని చూడదు, తలుపును చూస్తుంది. ఒక ఇంట్లో లేదా ఒక అపార్ట్‌మెంట్ యూనిట్‌లో ఉండేవాళ్లంతా కలిసి ఒక ‘హౌస్‌హోల్డ్’. వాళ్ల మధ్య చుట్టరికం ఉండాలన్న నియమం లేదు. ఒంటరిగా ఉండే పెద్దావిడ ఒక హౌస్‌హోల్డ్. అద్దె పంచుకుని ఉంటున్న నలుగురు కుర్రాళ్లు కూడా ఒక హౌస్‌హోల్డే. కాలేజీ హాస్టళ్లు, నర్సింగ్ హోమ్‌లు, జైళ్లలో ఉండేవారు ఈ లెక్కలోకి రారు. ఈ వ్యాసంలో ‘కుటుంబం’ అన్న ప్రతిచోటా ఈ అర్థమే తీసుకోండి.

ఆ నలుగురు కుర్రాళ్ల సంగతే చూద్దాం. ఐదేళ్లలో నలుగురికీ పెళ్లిళ్లయి వేరు కాపురాలు పెట్టారనుకోండి. జనం నలుగురి నుంచి ఎనిమిది మంది అయ్యారు, అంటే రెట్టింపు. కుటుంబాలు మాత్రం ఒకటి నుంచి నాలుగయ్యాయి. కొళాయి కనెక్షన్లు, కరెంటు మీటర్లు, చెత్త డబ్బాలు కుటుంబాల లెక్కన పెరుగుతాయి. ప్రణాళికలు వేసేవారు జనాభా అంకెతో సరిపెట్టుకోకుండా కుటుంబాలను విడిగా లెక్కించేది ఇందుకే.

2020 సెన్సస్ ప్రకారం అమెరికా జనాభా 33.14 కోట్లు. ఇళ్లు సుమారు 14.05 కోట్లు. వాటిలో మనుషులు ఉంటున్నవి, అంటే కుటుంబాలు, సుమారు 12.68 కోట్లు. 2010 నుంచి 2020 మధ్య జనాభా 7.4 శాతం పెరిగితే కుటుంబాలు 8.7 శాతం పెరిగాయి. కాపురాలు చిన్నవి కావడమే ఈ తేడాకు కారణం. 1940లో ఒక్కరే ఉండే కుటుంబాలు 7.7 శాతం కాగా, 2020 నాటికి 27.6 శాతమయ్యాయి.

మెట్రో అంటే ఎంతవరకు?

మెట్రో అంటే నగరపాలక సంస్థ పరిధి మాత్రమే కాదు. కనీసం 50 వేల జనాభా గల పట్టణ ప్రాంతం, అది ఉన్న కౌంటీ, పనుల కోసం రోజూ రాకపోకలు సాగే చుట్టుపక్కల కౌంటీలు కలిపితే ఒక మెట్రో. సరిహద్దులను వైట్‌హౌస్ పరిధిలోని బడ్జెట్ కార్యాలయం నిర్ణయిస్తుంది. 2023 జులైలో సవరించిన జాబితాలో 50 రాష్ట్రాలు, రాజధాని ప్రాంతం కలిపి 387 మెట్రోలున్నాయి. డాలస్, ఫోర్ట్ వర్త్, ప్లేనో, ఫ్రిస్కో, ఇర్వింగ్ అన్నీ ఒకే మెట్రో కిందికి వస్తాయి. రెండు వేర్వేరు సంవత్సరాల అంకెలను పోల్చేటప్పుడు మధ్యలో సరిహద్దు మారిందేమో చూసుకోవాలి. కొత్త కౌంటీ కలిస్తే ఎవరూ రాకుండానే మెట్రో ‘పెరిగినట్టు’ కనిపిస్తుంది.

లెక్క ఎలా వేస్తారు?

మూడు మెట్లు. మొదట, జననాలు, మరణాలు, వలసలు లెక్కగట్టి ఫలానా సంవత్సరానికి ఏ వయసు వారు ఎందరుంటారో అంచనా వేస్తారు. తర్వాత, ఒక్కో వయసులో నూటికి ఎందరు ఇంటి పెద్దగా ఉంటున్నారో చూస్తారు. దీన్ని ‘హెడ్‌షిప్ రేటు’ అంటారు. ఈ రెండింటినీ గుణిస్తే కుటుంబాల సంఖ్య వస్తుంది.

ఒక ఊహా కౌంటీని తీసుకోండి. 25 నుంచి 34 ఏళ్ల వారు 10,000 మంది. నూటికి 45 మంది ఇంటి పెద్దలు. అంటే 4,500 కుటుంబాలు. పదేళ్లకు ఆ వయసు వారు 12,000 అవుతారు. రేటు మారకపోతే 5,400 కుటుంబాలు, అంటే 900 పెరుగుదల. కానీ అద్దెలు మండిపోయి పిల్లలు తల్లిదండ్రుల దగ్గరే ఉండిపోతే, రేటు 45 నుంచి 40కి పడితే, వచ్చేవి 4,800 కుటుంబాలే. జనాభా అంచనా సరిగ్గా ఉన్నా పెరుగుదల 900 నుంచి 300కు పడిపోయింది. మొత్తం లెక్కలో సున్నితమైన చోటు ఇదే.

కొత్త కాపురాలు ఒకవైపు మొదలవుతుంటే, మరోవైపు పాతవి ముగుస్తుంటాయి. మరణాల వల్ల, పిల్లల దగ్గరకో నర్సింగ్ హోమ్‌కో మారడం వల్ల కుటుంబాలు తగ్గుతాయి. 1946 నుంచి 1964 మధ్య పుట్టిన ‘బేబీ బూమర్ల’లో అందరికంటే పెద్దవారికి 2026లో 80 ఏళ్లు నిండుతాయి. ఇకపై ముగిసే కాపురాల సంఖ్య ఏటా పెరుగుతుంది.

రాబోయే పదేళ్ల అంచనా ఏమిటి?

2010 నుంచి 2020 వరకు దేశంలో సుమారు 1.01 కోట్ల కుటుంబాలు పెరిగాయి. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని గృహనిర్మాణ అధ్యయన కేంద్రం 2025లో ఇచ్చిన అంచనా ప్రకారం, 2025 నుంచి 2035 వరకు పెరిగేవి సుమారు 86 లక్షలు. ఆ తర్వాతి పదేళ్లలో 51 లక్షలే. పెరుగుదల ఆగిపోదు, వేగం తగ్గుతుంది.

వలసలే ఇందులో కీలకం. సెన్సస్ బ్యూరో 2023లో వేసిన జాతీయ అంచనాలో 2038 నాటికి మరణాలు జననాలను మించుతాయి. అక్కడి నుంచి జనాభా పెరగాలంటే బయటి నుంచి మనుషులు రావడమే మార్గం. వీసా విధానం మారితే పదేళ్ల తర్వాత ఒక శివారులో ఎన్ని ఇళ్లు కావాలన్న లెక్కా మారుతుందన్నమాట.

ఎక్కడ పెరుగుతాయి?

దేశంలో వేగం తగ్గినా అన్ని మెట్రోల్లో ఒకేలా తగ్గదు. 2010 నుంచి 2020 మధ్య ఆస్టిన్ మెట్రో జనాభా 33 శాతం పెరిగి 22.8 లక్షలైంది. డాలస్–ఫోర్ట్ వర్త్ 63.7 లక్షల నుంచి 76.4 లక్షలకు చేరింది, 2023లో 80 లక్షలు దాటింది. అదే 2010–20 కాలంలో పిట్స్‌బర్గ్ మెట్రో 23.6 లక్షల నుంచి 23.7 లక్షల దగ్గరే నిలిచింది. వృద్ధులు ఎక్కువగా ఉన్న ఆ ప్రాంతంలో జననాలకంటే మరణాలే ఎక్కువ.

ముందుచూపు అంచనాలూ ఈ తేడానే చెబుతున్నాయి. అట్లాంటా ప్రాంతీయ కమిషన్ తన పరిధిలోని 21 కౌంటీల జనాభా 2050 నాటికి 79 లక్షలకు చేరుతుందని, 2020తో పోలిస్తే 18 లక్షలు పెరుగుతుందని అంచనా వేసింది. శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా ప్రణాళిక కుటుంబాలు 2015లోని దాదాపు 27 లక్షల నుంచి 2050కి 40 లక్షలవుతాయని లెక్కించింది.

మెట్రో మొత్తం అంకె చూసి లోపలి తేడాలు మరిచిపోకండి. డాలస్‌కు ఉత్తరాన, తెలుగువారు ఎక్కువగా ఉండే కాలిన్ కౌంటీ జనాభా 2010లో 7.8 లక్షలు, 2020లో 10.6 లక్షలు. ఫ్రిస్కో 1.17 లక్షల నుంచి 2 లక్షలకు చేరింది. పెరుగుదల అంచు ఏటా మరికొంత బయటికి జరుగుతుంటుంది.

మెట్రోల అంచనాలు ఎవరు వేస్తారు?

సెన్సస్ బ్యూరో కాదు. భవిష్యత్తు అంచనాలను అది దేశం మొత్తానికే వేస్తుంది. కౌంటీలు, నగరాల విషయంలో ఏటా ఇచ్చేది ఇప్పటికి ఎంతమంది ఉన్నారన్న లెక్క. ముందుచూపు లెక్క రాష్ట్ర జనాభా కేంద్రాలది, మెట్రో ప్రణాళికా సంస్థలది. 50 వేలకు మించిన ప్రతి పట్టణ ప్రాంతానికి ఇలాంటి సంస్థ ఉండాలన్నది ఫెడరల్ నిబంధన. కనీసం 20 ఏళ్ల రవాణా ప్రణాళిక వేసి, నాలుగైదేళ్లకోసారి సవరించాలి. డాలస్‌లో నార్త్ సెంట్రల్ టెక్సాస్ కౌన్సిల్ ఆఫ్ గవర్నమెంట్స్, హ్యూస్టన్‌లో హ్యూస్టన్–గాల్వెస్టన్ ఏరియా కౌన్సిల్ ఈ పని చేస్తాయి.

అంచనా నుంచి కొళాయి దాకా

నీటి విషయంలో ముందుచూపు మరింత పొడవుగా ఉండాలి. టెక్సాస్‌లో నీటి అభివృద్ధి బోర్డు ఐదేళ్లకోసారి 50 ఏళ్ల ప్రణాళిక వేస్తుంది. 2022 ప్రణాళిక ప్రకారం రాష్ట్ర జనాభా 2020లోని 2.97 కోట్ల నుంచి 2070కి 5.15 కోట్లవుతుంది. ఉత్తర డాలస్ శివార్లకు నీరిచ్చే బోడార్క్ జలాశయం నిర్మాణం 2018లో మొదలై 2023లో నీరు అందింది. దానికి ముందు అనుమతులకే పదేళ్లకు పైగా పట్టింది. దాహం వేసినప్పుడు బావి తవ్వితే ఆలస్యమవుతుందని మన పెద్దలన్నది ఇలాంటి వాటి గురించే.

అంచనా కంటే వాస్తవం ముందు పరుగెడితే? కాలిన్ కౌంటీలోని ప్రిన్స్‌టన్ పట్టణాన్ని చూడండి. 2023–24లో దేశంలో అన్నిటికంటే వేగంగా పెరిగిన నగరం ఇదే. 2020లో 17 వేల జనాభా 2024కి 37 వేలు దాటింది. నీరు, మురుగునీటి వ్యవస్థ, రోడ్లు, పోలీసులు సరిపోవడం లేదంటూ 2024 సెప్టెంబరులో నగర కౌన్సిల్ కొత్త నివాస ప్రాజెక్టులపై తాత్కాలిక నిషేధం పెట్టింది. అప్పటికే అనుమతి ఉన్న ఇళ్ల నిర్మాణం మాత్రం సాగింది.

దీనికి భిన్నమైన కథ ప్లేనోది. నగర జనాభా 2010లో 2.6 లక్షలు, 2020లో 2.85 లక్షలు. అయినా అక్కడి స్కూల్ డిస్ట్రిక్ట్ 2024లో నాలుగు బడులు మూసేయాలని నిర్ణయించింది. ఇళ్లు నిండుగానే ఉన్నాయి, లోపల పిల్లలు తగ్గారు. అక్కడ ఇల్లు కొన్నప్పటి యువ దంపతులు ఇప్పుడు రిటైర్మెంట్ వయసులో ఉన్నారు. కొత్తగా పిల్లలున్న కుటుంబాలకు ఆ ధరలు అందడం లేదు. కుటుంబాలు పెరిగినంత మాత్రాన పిల్లలు పెరుగుతారనుకోవద్దు.

అంచనాలు తప్పవా?

తప్పుతాయి. కాలిఫోర్నియా జనాభా 2060కి దాదాపు 5.3 కోట్లవుతుందని ఆ రాష్ట్ర ఆర్థిక శాఖ 2013లో చెప్పింది. 2023లో అదే శాఖ 3.95 కోట్లని సవరించింది.

మరో చిక్కు కూడా ఉంది. ఇళ్లు దొరక్క యువత విడిగా కాపురం పెట్టకపోతే హెడ్‌షిప్ రేటు తగ్గుతుంది. ఆ తగ్గిన రేటుతోనే రేపటి లెక్క వేస్తే ‘ఇళ్ల అవసరం తక్కువే’ అని వస్తుంది. తక్కువ కడతారు, కొరత ముదురుతుంది. అందుకే కాలిఫోర్నియా చట్టం ప్రాంతాలవారీ గృహ అవసరాన్ని నిర్ణయించేటప్పుడు కిక్కిరిసిన ఇళ్లను, అద్దె భారాన్ని కూడా కలపమంటోంది. ఆ పద్ధతిలో 2023–31 కాలానికి బే ఏరియాకు 4,41,176 ఇళ్ల లక్ష్యం ఖరారైంది. ప్రతి నగరం తన వాటాకు భూమి చూపించాలి.

మీరు చూసుకోవాల్సినవి

- ఏ లెక్క? ఏజెంటు చెప్పే పెరుగుదల జనాభాదా, కుటుంబాలదా, అనుమతులిచ్చిన ఇళ్లదా అని అడగండి. ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరానికో కూడా తెలుసుకోండి.

- స్కూల్ డిస్ట్రిక్ట్. దాని సరిహద్దు నగర సరిహద్దుతో కలవకపోవచ్చు. డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో విద్యార్థుల సంఖ్య అంచనాల నివేదిక ఉందేమో వెతకండి. లేకపోతే బోర్డు సమావేశాల పత్రాల్లో చూడండి.

- అప్పు ఎవరు కడతారు? టెక్సాస్ కొత్త శివార్లలో నీటి, మురుగునీటి లైన్లను చాలాచోట్ల ‘మున్సిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్’ బాండ్లతో వేస్తారు. ఆ అప్పు తీరేది ఇళ్ల యజమానుల పన్నుతో. అనుకున్నన్ని ఇళ్లు వస్తే భారం పంచుకునేవారు పెరుగుతారు. రాకపోతే ఉన్నవారి మీదే పడుతుంది. ఈ డిస్ట్రిక్ట్ గురించి కొనుగోలుదారుకు ముందే నోటీసు ఇవ్వాలని చట్టం చెబుతోంది. సంతకం పెట్టే ముందు చదవండి.

- మీ కౌంటీ అంకెలు. సెన్సస్ బ్యూరో ‘అమెరికన్ కమ్యూనిటీ సర్వే’ ఏటా వెలువడుతుంది. 65 వేలకు మించిన జనాభా ఉన్న ప్రాంతాలకు ఒక్క ఏడాది లెక్కలు, చిన్న ఊళ్లకు ఐదేళ్ల సగటు లెక్కలు దొరుకుతాయి. ఈ రెండింటినీ ఒకదానితో ఒకటి పోల్చకండి.

- మాట్లాడే అవకాశం. మెట్రో రవాణా ప్రణాళికపై, బాండ్లపై బహిరంగ విచారణలు జరుగుతాయి. స్కూల్ బాండ్లకు ఓటింగ్ ఉంటుంది. ఓటు పౌరులకే. కానీ విచారణలో అభిప్రాయం చెప్పడానికి వీసా అడ్డు కాదు.

ఇల్లు కొనేది 30 ఏళ్ల లోన్‌తో. ఆ 30 ఏళ్లలో పక్కింట్లో ఎవరుంటారన్నది మీ పన్ను బిల్లును, మీ పిల్లల బడిని, మళ్లీ అమ్మినప్పుడు వచ్చే ధరను తాకుతుంది. అందుకే ‘ఏరియా పెరుగుతోంది’ అనగానే తలూపకుండా, ఏ లెక్కన పెరుగుతోందో అడిగి తెలుసుకోండి.