ఎసరులో తొలి బుడగ

కర్ణాటకలోని పావగడలో సంగటికి ఎసరు పెట్టినప్పుడు పొయ్యి పక్కన కూర్చుని తపేలాలోకి తొంగి చూడండి. నీళ్ళు తెర్లకముందే అడుగున అక్కడక్కడ బుడగలు వరుస కడతాయి. ఆ చోట్లు మారవు. ఒక గీత దగ్గర, ఒక సొట్ట అంచున, గార పట్టిన మరక మీద, అదే చోటు నుంచి ఒకదాని వెంట ఒకటి లేస్తూనే ఉంటాయి. పక్కనే అంతే వేడిగా ఉన్న నున్నటి లోహం మీద ఏమీ పుట్టదు. ఈ తేడా ఎందుకో తేలడానికి శాస్త్రానికి దాదాపు రెండు వందల ఏళ్ళు పట్టింది. మొదట్లో చూపు గిన్నె కన్నా నీళ్ళ మీదే ఉంది.

జెనీవాకు చెందిన డీలూక్ 1770ల కాలంలో నీళ్ళలోని గాలినంతా వెళ్ళగొట్టాలని సీసాను నాలుగు వారాలు కుదిపాడు. ఆ నీళ్ళు 112 డిగ్రీల దాకా తెర్లలేదు. ఆ ఓపికకు నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. తర్వాత ఫ్రాన్సులో గే లుసాక్ గాజు పాత్రలో నీళ్ళు 101 డిగ్రీలు దాటాకే మరగడం చూశాడు. అందులో ఇనుప రజను వేస్తే 100కి దిగి మరిగాయి. ఎసట్లో ఉప్పు వేయగానే నీళ్ళు ఒక్కసారి పొంగడం వంటింట్లో అందరూ చూసిందే. ఉప్పు గింజల సందుల్లో దాగిన గాలి బుడగలకు విత్తనమవుతుంది. జవాబు గే లుసాక్ చేతికి అందినట్టే అంది జారిపోయింది. గాజు నీటిని గట్టిగా పట్టి ఉంచుతుందని ఆనాటివాళ్ళు సరిపెట్టుకున్నారు.

అసలు బుడగ పుట్టడమే కష్టం. నీటి తలతన్యత దాన్ని నాలుగు వైపుల నుంచీ నొక్కేస్తుంది. బుడగ ఎంత చిన్నదైతే నొక్కుడు అంత ఎక్కువ. 10 మైక్రాన్ల వ్యాసార్ధమున్న బుడగ నిలవాలంటే నీళ్ళు మరుగు స్థానం మీద మూడు డిగ్రీలకు పైగా వేడెక్కాలి. ఒక మైక్రాను బుడగకు ఇరవై డిగ్రీలకు పైనే కావాలి. ఏ ఆసరా లేకుండా, స్వచ్ఛమైన నీటి నడుమ బుడగ తానుగా పుట్టాలంటే వేడి 300 డిగ్రీల చేరువకు వెళ్ళాలి. మన తపేలాలో అంత అవసరం పడటం లేదంటే, బుడగ అక్కడ సున్నా నుంచి మొదలు కావడం లేదన్నమాట.

1931లో జర్మనీలో మాక్స్ యాకోబ్, ఫ్రిట్జ్ గరుకు ఉపరితలాల మీద నీళ్ళు మరిగించారు. గరుకు మీద వేడి బాగా అందింది. కానీ ఎంతోసేపు మరిగాక ఆ లాభం తగ్గిపోయింది. 1934లో జపాన్‌లో నుకియామా సన్నని తీగను నీళ్ళలో వేడిచేసి, వేడి పెరిగేకొద్దీ మరుగు ఎలా మారుతుందో గీతగా గీశాడు. ఒక హద్దు దాటితే ఆవిరి పొర తీగను కప్పేసి, తీగ కరిగిపోయేంత వేడెక్కుతుంది.

బుడగలు లేచే చోట్ల చిక్కుముడి 1958లో వీడింది. అమెరికాలో బ్యాంకాఫ్, గరుకు తలం మీదుగా ద్రవం పాకేటప్పుడు నిటారు గుంటల అడుగుదాకా చేరలేక, అక్కడి గాలిని దాటి ముందుకు వెళ్ళిపోతుందని లెక్కగట్టి చూపాడు. మరుసటి ఏడాది వెస్ట్‌వాటర్ బృందం సూక్ష్మదర్శినితో చూసి, బుడగలు లేచే చోట్లు నిజంగానే గీతలూ గుంటలేనని నిర్ధారించింది. 1960లో గ్రిఫిత్, వాలిస్ రాగి మీద సూదితో గుంటలు పొడిచి, గుంట మూతి ఎంతుంటే దానికి తగ్గ వేడి దగ్గర బుడగ మొదలవుతుందని చూపారు. 1962లో షూ ఇంకో మాట చేర్చాడు: మరీ చిన్న గుంట చాలా వేడి అడుగుతుంది, మరీ పెద్ద గుంటలోని బుడగ అడుగునున్న వేడి నీటి పొర దాటి చల్లని నీటిలో తల పెట్టి ఆగిపోతుంది. పనికొచ్చేవి నడిమి కొలతవి మాత్రమే. యాకోబ్ గరుకు ఎందుకు అలిసిపోయిందో కూడా ఈ గుంటల కథతో అర్థమైంది. మరిగేకొద్దీ గుంటల్లోని గాలి కొట్టుకుపోతుంది, చల్లబడ్డప్పుడు వాటిలోకి నీరు దిగుతుంది.

తర్వాత కథ ఇంజనీర్లది. లోహపు పొడిని గొట్టాల మీద కాల్చి అతికించి, లోలోపల కలిసిన సందులతో నిండిన పొరను తయారుచేశారు. యూనియన్ కార్బైడ్ సంస్థ 'హై ఫ్లక్స్' అని పిలిచిన గొట్టాలు ఆ కోవవే. ఒక బుడగ వెళ్ళిపోయినా సందుల్లో కొంత ఆవిరి మిగిలి, తర్వాతి బుడగకు విత్తనమవుతుంది.

పావగడ బోరు నీళ్ళు తపేలాలో గార కట్టిస్తాయి. గారలోనూ సందులుంటాయి, బుడగలు త్వరగా మొదలవుతాయి. కానీ గార వేడిని బాగా ప్రవహించనివ్వదు. పొర మందమైతే కట్టెలు ఎక్కువ కాలతాయి. ఈ ప్రాంతాన్ని పీడించే ఫ్లోరైడ్‌కు మరిగించడం మందు కాదని కూడా ఇక్కడ చెప్పాలి. నీరు ఆవిరైన కొద్దీ అది చిక్కబడుతుందే తప్ప పోదు.

ఇదే పావగడ తాలూకాలో సుమారు 13,000 ఎకరాల్లో పరిచిన 2,050 మెగావాట్ల సౌర పార్కుకు మరుగుతో పనిలేదు, పలకలే ఎండను కరెంటు చేస్తాయి. పొరుగున అనంతపురం జిల్లాలో 2014లో మొదలైన 50 మెగావాట్ల కేంద్రం వేరు. అక్కడ అద్దాలు నూనెను కాచితే, ఆ నూనె నీటిని మరిగించి టర్బైను తిప్పుతుంది. అధిక పీడనంలో ఇంకా చిన్న గుంటలు కూడా పనిచేస్తాయి. కానీ రాత్రి చల్లబడ్డ గొట్టాల్లో కొన్ని గుంటల్లోకి నీరు చేరుతుంది. తెల్లవారి ఎండ పడ్డాక, ఆవిరిని దాచుకున్న గుంటల నుంచే ఆ రోజు తొలి బుడగలు లేస్తాయి.