పాపువా న్యూగినీ దీవుల్లో నౌకా దంతవైద్యం

రోడ్డు, కరెంటు లేని పాపువా న్యూగినీ దీవులకు, తీరగ్రామాలకు స్వచ్ఛంద దంతవైద్యులు ఓడల్లో వెళ్లి చేసే చికిత్స. 'వైవామ్ మెడికల్ షిప్స్' నౌకలోనే దంతవైద్యశాల ఉంది; అక్కడ పనిచేసే వైద్యులు జీతం తీసుకోకపోగా ఖర్చులూ తామే పెట్టుకుంటారు.

ఇక్కడ పిల్లలు, పెద్దలు వక్క నములుతారు. దీన్ని 'బువాయ్' అంటారు. మనలా తమలపాకు చుట్టరు. తమలపాకు తీగకు కాసే కాయను సున్నంలో అద్దుకుని నములుతారు. దేశంలో నోటి క్యాన్సర్‌కు ఇదే ప్రధాన కారణం కనుక నోరంతా పరీక్షించడం పన్ను పీకడమంత ముఖ్యమైన పని.

ఒడ్డున డ్రిల్లింగ్ యంత్రం లేనిచోట, 1980లలో టాంజానియాలో రూపొందిన 'ఆర్ట్' పద్ధతి అక్కరకొస్తుంది. చిన్న చెంచాలాంటి పనిముట్టుతో పుచ్చిన మెత్తని భాగాన్ని గీకి తీసి, గ్లాస్ అయొనోమర్ ముద్దను గుంటలో నింపి, వ్యాసెలిన్ రాసిన వేలితో గట్టిగా నొక్కుతారు. చాలాసార్లు మత్తు సూది అక్కర్లేదు. పిల్లలకు ఇదెంతో ఊరట. పుచ్చును ఆపే సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ పూత ఇంకా తేలిక, కానీ పుచ్చిన చోటు నల్లబడుతుంది. గ్లాస్ అయొనోమర్, ఈ పూతమందు రెండూ 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేరాయి.

బాగా పాడైన పళ్లను మాత్రం పీకేయక తప్పదు. ఓడ మళ్లీ వచ్చేదాకా ఊరికి దిక్కు స్థానిక ఆరోగ్య కార్యకర్తే.