హ్యాండీక్యాప్: ఒక మాట, ముగ్గురు వైద్యులు

ప్రభుత్వ సేవలో ఉన్నప్పుడు సదరం శిబిరాలలో నా బల్ల ముందు నిలిచినవారు అడిగేది 'హ్యాండీక్యాప్ సర్టిఫికెట్'. నలభై శాతానికి ఒక్క అంకె తగ్గినా వారి ముఖం వాడిపోయేది. ఆ ముఖాలు నాకింకా జ్ఞాపకమే. అందుకే పదవీ విరమణ తరువాత ఉదయపు నడకలో ఒక విశ్రాంత సైనికాధికారి "డాక్టరుగారూ, నా హ్యాండీక్యాప్ 18కి దిగింది" అని సంబరంగా చెబితే, మోకాలికేమైందని పరామర్శించాను. ఆయన చాలాసేపు నవ్వి, అది గోల్ఫ్ సంగతి అన్నారు.

పాఠకులారా, టోపీ చేతబట్టి బిచ్చమెత్తడం నుండి ఈ మాట పుట్టిందని మన వైద్యులలో కూడా కొందరు నమ్ముతారు. అది నిజం కాదు. 17వ శతాబ్దపు ఇంగ్లండులో ఇద్దరు తమ వస్తువులను మార్చుకునే ఒక ఆట ఉండేది. తక్కువ విలువ గల వస్తువు ఇచ్చేవాడు పైన ఎంత కలపాలో మధ్యవర్తి నిర్ణయించేవాడు. ఇద్దరూ టోపీలో చేయి పెట్టి తీసి తమ సమ్మతినో అసమ్మతినో తెలిపేవారు. 'టోపీలో చేయి' అన్న అర్థమిచ్చే ఆంగ్ల పదబంధమే కుదించుకుపోయి హ్యాండీక్యాప్ అయింది. 18వ శతాబ్దంలో ఆ మాట గుర్రప్పందేలకు చేరింది. అక్కడ మేలైన గుర్రానికి అదనపు బరువు కట్టేవారు. గమనించండి, బరువు మోసింది బలవంతుడే. ఈ మాటను వైకల్యానికి అంటగట్టింది 20వ శతాబ్దం.

గోల్ఫ్‌లోకి ఈ మాట 19వ శతాబ్దంలో ప్రవేశించింది. కాని ఆ ఆలోచన అంతకన్న పాతది. 1687లో ఎడిన్‌బరోలో థామస్ కింకెయిడ్ అనే వైద్య విద్యార్థి తన దినచర్యలో ఒక ప్రశ్న వేసుకున్నాడు. ఆటగాళ్ళు అసమానులైనప్పుడు పందెం సమానంగా ఉంచి ఆటలో వెసులుబాటు ఇవ్వడం మేలా, లేక ఆటను సమానంగా ఆడి పందెం సొమ్మును హెచ్చుతగ్గులు చేయడం మేలా? శరీరశాస్త్రం చదవవలసిన వేళ ఇదేమి చింతన అని ఆచార్యులు కోప్పడ్డారో లేదో!

తరువాత చాలాకాలం ఏ క్లబ్బు లెక్క ఆ క్లబ్బుదే. ఒకచోట ఇచ్చిన అంకె మరొకచోట చెల్లేది కాదు. దేశమంతటికీ ఒకే కొలత తెచ్చినవారు స్త్రీలు. 1893లో బ్రిటన్‌లో ఏర్పడిన మహిళా గోల్ఫ్ సంఘానికి ఐసెట్ పియర్సన్ కార్యదర్శి. ఆమెకు అండగా నిలిచినవాడు లండన్‌లోని గైస్ ఆసుపత్రి వైద్యుడు లెయిడ్లా పర్వెస్. పురుషుల క్లబ్బులు ఇంకా ఎవరి లెక్క వారు వేసుకుంటున్న రోజులవి.

మూడవవాడు ఫ్రాంక్ స్టేబుల్‌ఫర్డ్, సైన్యంలో సేవ చేసిన శస్త్రవైద్యుడు. సముద్రపు గాలిలో ఒక్క గుంత దగ్గర చేయి తప్పితే మొత్తం ఆటే పాడయ్యేది. అందుకాయన ప్రతి గుంతకూ విడిగా పాయింట్లు కట్టాడు. చెడిన గుంతకు సున్న వేసుకుని ముందుకు సాగిపోవచ్చు. 1898లో వేల్స్‌లో మొదలైన ఈ ప్రయోగం 1932లో వాలసీ క్లబ్బులో స్థిరపడింది. నాకీ ముగ్గురిలో ఎక్కువ ఇష్టుడు ఈయనే.

2020 నుండి ప్రపంచమంతటా దాదాపు ఒకే విధానం నడుస్తున్నది. స్ట్రోకు అంటే ఇక్కడ పక్షవాతం కాదు, బంతిని ఒకసారి కొట్టడం. నిపుణుడు ఒక మైదానాన్ని సుమారు ఎన్ని స్ట్రోకులలో ముగిస్తాడో ఆ మైదానపు రేటింగు చెబుతుంది. సామాన్యునికి అది ఇంకెంత కఠినమో చెప్పే అంకె స్లోప్. దాని ప్రమాణం 113. రేటింగు 71.2, స్లోప్ 128 ఉన్నచోట మీరు 100 స్ట్రోకులు ఆడారనుకోండి. తేడా 28.8. దానిని 113తో గుణించి 128తో భాగిస్తే 25.4. ఇటువంటి చివరి ఇరవై ఫలితాలలో మేలైన ఎనిమిదింటి సగటే మీ సూచీ. గరిష్ఠం 54. సగటు మేలైనవాటికే కట్టడంలో ఒక నమ్మకం ఉన్నది: మనిషి చేయగలిగినదే కొలత, చేసినదంతా కాదు. కావాలని చెడుగా ఆడి అంకె పెంచుకునేవారూ లేకపోలేదు. వారిని ఆ లోకంలో చిన్నచూపు చూస్తారు.

మీకూ ఒక అంకె కావాలంటే హ్యాండీక్యాప్ ఇచ్చే అధికారం గల క్లబ్బులో చేరి 54 గుంతలు ఆడి చీట్లు సమర్పించాలి. హైదరాబాదులో గోల్కొండ కోట నయాఖిల్లా ప్రాంగణంలో ఒక మైదానమున్నది. విశాఖలోనూ ఉన్నది. పద్ధెనిమిది గుంతలంటే ఆరేడు కిలోమీటర్ల నడక. కనుక మోకాళ్ళు అరిగినవారు, గుండెకు మందులు వాడేవారు తమ వైద్యుని అడిగి, తొమ్మిదేసి గుంతలుగా ఆరు విడతలలో పూర్తి చేయవచ్చు. అదీ చెల్లుతుంది.

ఈ దారిలోనే నాకిప్పటికి నాలుగు చీట్లు పూర్తయినవి. మొదటిదాని మీద తొమ్మిది గుంతలకు 71 అని ఉన్నది. చీటీని సాక్షి ధ్రువీకరించాలి కనుక సైనికాధికారి నా అంకెను రెండుసార్లు చూసి, ఏమీ అనకుండా సంతకం చేశారు.